తల వంచాల్సిన గుమ్మం

నేను ఒక సింహద్వారాన్ని. యానాంలో, గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల, ఫ్రెంచివాళ్ల కాలం నుంచీ నిలబడి ఉన్నాను. నన్ను కట్టించిన దొర నీలిమందు వ్యాపారి. గుర్రబ్బండి పట్టేంత వెడల్పున, ఏనుగు దూరేంత ఎత్తున కట్టించి, నా నెత్తిన రాతిలో సంవత్సరం కూడా చెక్కించాడు. తీరా చూస్తే ఆ మహానుభావుడికి బండీ లేదు, గుర్రమూ లేదు! నా టేకు రెక్కలో చిన్న దిడ్డి తలుపు కోయించుకుని, రోజూ అందులోంచే వంగి దూరేవాడు. తర్వాత ఇల్లు కొన్నవాళ్లూ అంతే. ఎంతటి మొనగాడైనా నా దగ్గర నడుం వంచాల్సిందే. రోజూ నడినెత్తులే చూసిన నాకు మనుషుల మీద గౌరవం ఎక్కణ్నుంచి వస్తుంది?

చివరి యజమాని పేర్రాజు ఒట్టి దద్దమ్మ. అతని అక్క సుభద్రమ్మ, మొగుడు పోయాక, నన్ను ఆనుకుని ఉన్న కాపలా గదిలోనే ఉంటూ, కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. తమ్ముడికి పిల్లల్లేరని బెంగపడి వాస్తు సిద్ధాంతిని పిలుచుకొచ్చింది ఆవిడే. ఆ పెద్దమనిషి ఈశాన్యంలో బరువన్నాడు, మెట్లు తీయించాడు. నైరుతిలో లోటన్నాడు, గోడలు పడగొట్టి కొత్తవి లేపించాడు. ఆవిడ గదినీ వదల్లేదు. పదేళ్లు తిరిగేసరికి దొర పెట్టిన ఇటుక ఒక్కటీ మిగల్లేదు. వీధిపోటని నన్నూ కూల్చమన్నాడు గానీ, నా రాయి దెబ్బకి గునపాలు వంగాయి. నా నుదుట మేకు కొట్టి దిష్టిబొమ్మ తగిలించి ఊరుకున్నారు. పిల్లలు మాత్రం పుట్టలేదు.

ఆఖరికి పేర్రాజు ఇంటిని లాడ్జీ కట్టేవాళ్లకు బేరం పెట్టాడు. ఆ గది పోతే సుభద్రమ్మకు తల దాచుకునే చోటు లేదు. పాత కట్టడాలు చూసే ఆఫీసుకు అర్జీ పెట్టుకుంది. ఆఫీసర్లు వస్తున్నారనగానే నిచ్చెనేసుకుని దిష్టిబొమ్మ పీకి, ఏళ్లనాటి సున్నం గీకి, నా సంవత్సరం బయటపెట్టింది.

వాళ్లొచ్చారు. నన్ను చూసి ఆహా ఓహో అన్నారు. దిడ్డిలోంచి లోపలికెళ్లి, వెళ్లినంత వేగంగా బయటికొచ్చారు.

"లోపల పాతదేం లేదమ్మా, అన్నీ కొత్త గోడలే," అన్నాడు పెద్ద ఆఫీసరు. "ఈ ద్వారం మటుకు ఎవరూ ముట్టుకోకుండా ఆర్డరేస్తాం."

"మరి ఇల్లండీ?"

"అది మీ తమ్ముడి ఇష్టం."

సుభద్రమ్మ నా రాయి పట్టుకుని నిలబడిపోయింది. "చేతులారా నేనే చేసుకున్నానండీ," అంది. తెలివితక్కువది, అనుభవించనీ అనుకున్నాను.

ఇల్లు పోయింది, గది పోయింది, ప్రహరీ కూడా పోయింది. నేను, నన్ను ముట్టుకోవద్దని నా పక్కన పాతిన ఒక బోర్డు మిగిలాం. లాడ్జీకొచ్చేవాళ్లు నాకు అటూ ఇటూ ఉన్న ఖాళీలోంచి తలెత్తుకుని పోతున్నారు. దొరల్ని వంచిన నన్ను ఇప్పుడు వీధికుక్క కూడా లెక్కచెయ్యదు.

సుభద్రమ్మ వేరే వీధిలో అద్దెకుంటూ, ఆ లాడ్జీలోనే చిరిగిన దుప్పట్లు కుడుతోంది. రోజూ పొద్దున్నే వచ్చి, దిడ్డి తలుపు తోసి, నడుం వంచి లోపలికి అడుగు పెడుతుంది.

"పక్కనే అంత దారుంది కదండీ పిన్నిగారూ!" అని వాచ్‌మన్ నవ్వుతాడు.

"మా ఇంటికి దారి ఇదే బాబూ," అంటుంది.

ఆవిడ నడినెత్తి మీద జుట్టు తెల్లబడిపోయింది. ఈ ఒక్క మనిషి ముందు నేనే వంగాలనిపిస్తుంది. రాయిని కదా, నా వల్ల కాదు.