తెల్లగుడ్డ పరీక్ష

గుడివాడలో ముదినేపల్లి రోడ్డు మీద దైవాధీనానికి బ్యాటరీల షెడ్డు ఉండేది. చేపల చెరువుల ఇంజన్లవీ ట్రాక్టర్లవీ పాడైపోయిన బ్యాటరీలు విప్పి, లోపలి సీసం పలకలు మార్చి ఇచ్చేవాడు. షెడ్డుకీ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఇరవై రెండేళ్లు అలాగే గడిచిపోయాయి.

2004 వేసవిలో అతనికి కడుపునొప్పి పట్టుకుంది. గ్యాస్ అనుకుని మాత్రలు మింగాడు. తగ్గలేదు సరికదా, మనిషి పాలిపోయాడు. డాక్టరు భానుమతి గారు ఏం పని చేస్తాడో అడిగి తెలుసుకుని, అతనిదీ భార్య భాగ్యమ్మదీ రక్తం తీసి హైదరాబాదు పంపించారు. రిపోర్టులు వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టి అతనితో చెప్పారు.

"మీ ఇద్దరి రక్తంలోనూ సీసం బాగా ఎక్కువుందండీ. ఆ దుమ్ము మీరు పనిలో పీలుస్తున్నారు, బట్టలకి అంటించుకుని ఇంట్లోకీ తెస్తున్నారు. ముందు ఆ షెడ్డు అక్కణ్ణించి తీసేయండి."

"ఆగస్టులో మా అమ్మాయి షీబా పురిటికొస్తోందండీ," అంది భాగ్యమ్మ భయంగా.

"ఇల్లు శుభ్రమయ్యేదాకా తీసుకురాకండి. కడుపులో బిడ్డకి అది విషం. ఇంకోమాట, చీపురు మాత్రం పెట్టొద్దు. ఊడిస్తే గాల్లోకి లేచి మళ్లీ మీ మీదే పడుతుంది. తడిగుడ్డతో తుడవండి, సన్న దుమ్ముని పట్టే మంచి వాక్యూమ్ క్లీనర్ చూసుకోండి."

తిరిగొస్తుంటే రిక్షాలో దైవాధీనానికి పాత సంగతొకటి గుర్తొచ్చింది. షీబా చిన్నప్పుడు పని బట్టలతోనే ఎత్తుకుని తిప్పేవాడు. ఆ సంగతి ఆ రోజంతా అతన్ని తినేసింది.

వారం తిరక్కుండా పనిని ఊరి బయటికి మార్చేశాడు. మంచాల మీది పాత పరుపులు పారేయించాడు. తర్వాత ఇంటింటికీ తిరిగి అమ్మే మనిషి దగ్గర ఒక వాక్యూమ్ క్లీనర్ తీసుకున్నాడు. ఆ అమ్మకందారు ముగ్గు పొడి నేల మీద చల్లి, ఒక్క లాగులో లాగించి చూపించాడు. దైవాధీనానికి అది చాలు.

భాగ్యమ్మకి చాలలేదు. "లాగింది సరే. ఆ గాలి వెనక నుంచి బయటికే కదండీ వస్తోంది? దాంతోపాటు ఇంకేం వస్తోందో?" అంది.

ఖాళీ షెడ్డులో ఇద్దరూ డాక్టరు గారు చెప్పిన మాస్కులు పెట్టుకున్నారు. ఆమె తెల్లటి పాత చీర ముక్క తడిపి, మిషను వెనక గాలి వచ్చే చోట కట్టింది. నేల మీది దుమ్ము లాగిస్తూ పది నిమిషాలు నడిపి విప్పి చూస్తే గుడ్డ బూడిదరంగు తిరిగి ఉంది. ఇల్లంతా ఆ మిషనుతో ఊడ్చి ఉంటే ఏమయ్యేదో తల్చుకుని దైవాధీనం దాన్ని షెడ్డు మూలకి నెట్టేశాడు.

అల్లుడు స్టీఫెన్ మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫోన్లో సంగతి విని, "హెపా ఫిల్టరున్నది అడగండి మావయ్య గారూ. అది కంటికి కనపడని దుమ్ముని కూడా ఆపుతుంది," అన్నాడు. దైవాధీనం విజయవాడ వెళ్లి, అట్టపెట్టె మీద ఆ మాటే పెద్దక్షరాలతో ఉన్న మిషను తెచ్చాడు. భాగ్యమ్మ మళ్లీ వెనక తడిగుడ్డ కట్టి, మూత అతుక్కునే చోట చుట్టూ ఇంకో గుడ్డ చుట్టింది. ఈసారి వెనక గుడ్డ శుభ్రంగానే ఉంది. అయితే మూత అతుకు చుట్టూ చుట్టిన గుడ్డ మీద సన్నటి నల్లచార పడింది.

మళ్లీ ఫోన్ చేశారు.

"ఫిల్టరు మంచిదైతే సరిపోదండీ. గాలి దాని పక్కనుంచి తప్పించుకోకూడదు. మూతకి రబ్బరు వాషరు గట్టిగా పట్టాలి. దుమ్ము సంచీ తీసేటప్పుడు దాని మూతి మూసుకుపోయేలా ఉండాలి. మొత్తం మిషన్ని పరీక్షించిన కాగితం అడగండి. మా ఫ్యాక్టరీకి ఇచ్చే డీలరుకి చెప్తాను," అన్నాడు స్టీఫెన్.

మూడోది పది రోజులకి లారీ పార్సిల్లో వచ్చింది. చూడ్డానికి డ్రమ్ములా, అందం చందం లేకుండా ఉంది. అరగంట నడిపారు. భాగ్యమ్మ గుడ్డలు విప్పి, ఎండలోకి పట్టుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, ఇటు రండి. ఎక్కడైనా మరకుందేమో మీరే చూడండి."

ఎక్కడా లేదు.

మర్నాటి నుంచి పని మొదలైంది. గోడలు, కిటికీ ఊచలు, అటకలు, బీరువా వెనకాల అన్నీ లాగడం, సబ్బునీళ్లతో తుడవడం, ఆరాక మళ్లీ లాగడం. నిండిన సంచుల్ని మూతి బిగించి, డ్రమ్ములో పెట్టి సీలు చేసి, సీసం కరిగించే లైసెన్సున్న ఫ్యాక్టరీకి అప్పగించారు. మూడు వారాలు పట్టింది. భానుమతి గారు స్వయంగా వచ్చి గదులన్నీ తిరిగి చూసి, "ఇప్పుడు తీసుకురండి," అన్నారు.

షీబా వచ్చింది. అక్టోబరు మొదటి వారంలో ఆడపిల్ల పుట్టింది. పిల్లకి మూడో నెల వచ్చాక తల్లీబిడ్డలిద్దరికీ, తాతకీ అమ్మమ్మకీ కూడా రక్తపరీక్షలు చేయించారు. రిపోర్టులు వచ్చిన రోజు భానుమతి గారే ఫోన్ చేశారు.

"తల్లికీ పిల్లకీ ఏం భయం లేదండీ. మీ ఇద్దరికీ కూడా సగానికి సగం తగ్గింది."

దైవాధీనం ఫోన్ పెట్టేశాడు. వంటింట్లోంచి భాగ్యమ్మ, "ఏమన్నారండీ?" అని అడిగింది. చెప్పబోతే ఏడుపొచ్చేసింది. ఆమె కంగారుగా పరుగెత్తుకొచ్చి అతని మొహం చూసింది. అతను ఏడుస్తూనే నవ్వుతున్నాడు.

"బాగుందట భాగ్యం. అందరికీ బాగుందట."

భాగ్యమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. లోపలి గదిలో పిల్ల పాలకోసం గుక్కపట్టి ఏడుస్తోంటే షీబా, "అమ్మా, ఏమైందే?" అని కేకేస్తోంది. ఇద్దర్లో ఒక్కరికీ కదిలి వెళ్లే ఓపిక లేదు.