ఇరవై ఆరు మైళ్ల దమ్ము

ఇయ్యాల వీడు మల్ల ఇంటికి రాడు, అని ఐలవ్వ పైకే అనేసింది, పొయ్యి మీద గటుక పొంగు తీసుకుంట, ఎవరితోని అన్నదో ఆమెకే తెలవదు, ఇంట్ల ఉన్నది నులక మంచంల మొగడు పోశం ఒక్కడే, గోడకు ఒరిగి కూసున్నడు, ఆయనతోని అంటే ఏంది, గోడతోని అంటే ఏంది, బొగ్గుబాయి డ్యూటీకి పనికిరాడని రాసి పంపిన నాటి సంది రెండేండ్లాయె, ఆ నోట్లెకెల్లి నాలుగు మాటలు కలిసి వచ్చింది లేదు, నీళ్లు, చాలు, ఊఁ, గంతే, దమ్ము పట్టనోడు మాటలకు దమ్ము ఎందుకు ఖర్చు పెడతడు, తండ్రేమో మిగిలిన పిడికెడు దమ్మును మూటగట్టి దాసుకుంటడు, కొడుకేమో ఉన్నదంత తొవ్వ మీద పారబోసి వస్తడు, నడుమ ఇద్దరి వంతు మాట్లాడేదాన్ని నేను, ఇద్దరి వంతు భయపడేదాన్ని నేను, చలికి కాళ్లు కొంకర్లు పోతయో, కమాన్‌పూర్ కాడ లారీ గుద్దుతదో, గుండె ఆగుతదో, మూడిట్ల ఏదో ఒకటి అయితది, అయ్యేదాంక నా మాట ఎవలకూ వినబడది.

ఇరవై ఆరు మైళ్లట, కంపెనీ ఆటల పోటీలల్ల ఈ యేడు కొత్తగ పెట్టిండ్రు, మారథానట, పేరుకే నోరు తిరగది, గ్రౌండు కాడ బయలెల్లి మంథని తొవ్వల పదమూడో మైలు దాంక పోయి, ఆడ జెండా ముట్టి మల్ల ఈడికే రావాలె, ఎడ్లబండి కట్టుకొని పోతే పొద్దూకే దూరం, వీడు కాళ్లతోని పోతడట, తెల్లారకముందే లేచి పోయిండు కొమురెల్లి, ఇంత గటుక తాగి పోరా అంటే కడుపు బరువైతది అవ్వా అన్నడు, పొద్దుగాల కడుపు బరువైతదని భయపడ్డ మనిషిని ఈ ఇంట్ల ఇప్పుడే సూస్తున్న, పైగా నెత్తికి ఎర్ర రుమాలు సుత కట్టుకోలే, అందరికి తెల్ల బనీన్లు ఇస్తరు, రుమాలు వద్దన్నరు అని దండెం మీద పడేసి పోయిండు, అది ఆడనే వేలాడుతున్నది.

ఆ రుమాలుకూ ఒక కథ ఉన్నది, నిరుడు వానలు ఎలిసినంక వాడు ఉరుకుడు మొదలువెట్టిన దినం, మొదటి షిఫ్టు ఎక్కి వచ్చి, బువ్వ తినక, మసి మొఖం కడుక్కోక, బజార్ల పడి ఉరికిండు, ఇంకేమున్నది, నల్లా కాడి ఆడోళ్లంత బిందెలు ఇడిసిపెట్టి వాని ఎనుక ఉరికిండ్రు, బాయి కాలనీల మొగోడు ఉరికిండంటే లోపట పైకప్పు కూలిందనే, ఇంకో అర్థం ఉండది, పక్క క్వార్టరు అనసూర్యయితే మా ఆయనకు ఏమైందో చెప్పురా కొమురెల్లి అని మైలు దాంక ఏడ్సుకుంట పోయింది, వాడు ఆగి, ఏం గాలే అక్కా, నేను ఊకెనే ఉరుకుతున్న అన్నడట, ఆమె గుమ్మం ముందుకొచ్చి, ఊకెనే ఉరికేటోడు ఏడ పుడతడు ఐలక్కా, నీ కడుపునే పుట్టాలె, వాని కాళ్లకు మేకలకు కట్టినట్టు తలుగు కట్టు అని తిట్టిపోసింది, తిట్టినా తప్పు లేదు, ఆనాటి సంది వాడు నెత్తికి ఎర్ర రుమాలు కట్టుకొని ఉరుకుతడు, రుమాలు కనబడితే ఏం గాలేదని అర్థం, జనం కూడ అలవాటు పడ్డరు, నేనే పడలే.

రెండు మైళ్లు, ఐదు మైళ్లు, గోదావరి బ్రిడ్జి దాంక, పవర్‌హౌసు గొట్టం దాంక, ఐతారం నాడు పన్నెండు, తిన్నది పెయ్యికి పట్టక దవడలు లోపలికి పోయినయి, పిల్లనిస్తమని సుల్తానాబాద్ దిక్కుకెల్లి వచ్చినోళ్లు పిలగానికి టీబీ గిట్ల ఉన్నదా అని చెవుల అడిగిండ్రు, సిగ్గుతోని సచ్చిన, కాన్వాసు బూట్లకు అడుగు ఊడితే సైకిల్ టైరు ముక్క కోసి దబ్బనంతోని కుట్టుకుంట ఈలలేస్తడు, ఎనిమిది గంటలు బాయిల బొగ్గు తట్ట మోసినోడు ఇంటికొచ్చి నడుం వాల్చాలె గని గిదేం పని, మా మేనమామ జాతరల పందెం కట్టి ఉరికి, ఒక్క చెంబు నీళ్లు తాగి, ఉన్నకాడనే ఒరిగి పోయిండు, నా చిన్నప్పుడు నా కండ్ల ముందట, అది చెప్తే వాడు నవ్వుతడు, ఎందుకు ఉరుకుతున్నవు బిడ్డా, ఎవరు చెప్పిండ్రు నీకు అని గట్టిగ అడిగితే తండ్రి దిక్కు సూస్తడు, తండ్రి గోడ దిక్కు సూస్తడు, గోడ నా దిక్కు సూస్తది.

ఉరికొచ్చినంక చేసే పని ఇంకింత ఒళ్లు మండిస్తది, చెమట తుడుసుకోడు, నీళ్లు ముట్టడు, సక్కగ పోయి తండ్రి మంచం పట్టె మీద వీపు అటు పెట్టి కూసుంటడు, ఆయన అరచెయ్యి తీసి వాని వీపు మీద, రెండు రెక్కల నడుమ పెడతడు, కండ్లు మూసుకుంటడు, పెదవులు సన్నగ ఆడుతయి, గట్లనే ఎంతసేపో, దేవుడు దిగినట్టు, పని చేసేటప్పుడు కొడుకును దగ్గరికి రానియ్యనోడు ముసలితనంల ముద్దు చేస్తున్నడు కావచ్చు, చెయ్యనీ, మరి వండి పెట్టేదానికి ఒక్క మాట లేదు, చెయ్యి తీసినంక దిండు కింద దాసుకున్న బొగ్గు పెళ్లతోని గోడ మీద ఒక గీత గీస్తడు, ఒకపారి పొట్టిది, ఒకపారి పొడుగుది, తలాపు పక్కంత గీతలే, బడిపోరలకంటే అధ్వాన్నం, దసరాకు గోడకు సున్నం ఏసి అన్నీ తుడిచేసిన, పోశం ఆ తెల్లగోడను రెండు దినాలు ఎట్ల సూసిండో, ఇల్లు కాలినోడు బూడిద సూసినట్టు సూసిండు, మూడో దినం మల్ల గీత మొదలు, ఎవరికి చెప్పుకోవాలె ఈ పిచ్చి.

గటుక గిన్నెల పోసి ఆయన ముందట పెట్టింది, చల్లారనియ్యి అన్నది, ఊఁ అన్నడు, అప్పుడు సైరను కూసింది.

తొమ్మిదింటికి సైరను ఎందుకు కూస్తది, ఏడింటికి కూసింది, మల్ల మూడింటికి కూయాలె, నడుమ కూసిందంటే, గరిటె ఎటు పోయిందో, చెప్పులు ఎటు పోయినయో, ఐలవ్వ బజార్ల ఉన్నది, ముందట అనసూర్య, ఎనుక ఎవరెవరో, కొంగులు జారి, చేతులకు పిండి, సంకల పిల్లలు, నా ఇంటోళ్లు ఎవరూ బాయిల లేరు గద, మొగడు మంచంల ఉన్నడు, కొడుకు తొవ్వ మీద ఉన్నడు, మరి నా కాళ్లు ఎందుకు ఉరుకుతున్నయి, తెలవదు, ఇరవై ఏండ్ల సంది ఆ కూతకు ఉరికి ఉరికి అలవాటు పడ్డ కాళ్లు, అడుగకనే ఉరుకుతయి, లేకుంటే వాడు తొవ్వ మీద పడితే గిట్ల కూత ఏసిండ్రా, మనిషి పోతే కూత ఏస్తరు గద, బాయిలయితేంది తొవ్వ మీదయితేంది, డొక్కల ఎవరో కత్తి పెట్టి తిప్పుతున్నరు, నాలుక తడి ఆరింది, గాలి గొంతు దాంక వస్తున్నది గని లోపలికి పోతలేదు, తలుపు మూసినట్టు, నోరు తెరిస్తే ఇంకా పోతలేదు, గిట్లనా, గిట్లనే ఉంటదా ఆయనకు, మంచం మీద కూసున్నా గిట్లనే ఉంటదా, అనిపించి ఒక్క అడుగు తడబడ్డది, అంతలనే అనసూర్య రెక్క పట్టి గుంజింది, ఆగకు ఐలక్కా ఆగితే పడిపోతవు అన్నది, ఆగలే.

బాయి గేటు కాడ ఎవరూ ఏడుస్తలేరు, అదే మొదటి వింత, పక్కన గ్రౌండుల మైకు మోగుతున్నది, పూలదండ ఏసుకున్నోడెవడో కుర్చీల కూలబడి ఉన్నడు, కొమురెల్లి కాదు, ఆటల గుమాస్తా సదయ్య మైకు ఇడిసిపెట్టి ఉరికొచ్చి రెండు చేతులు జోడించిండు, అవ్వలారా, ఏం గాలే, మొదటోడు వచ్చిండు, అందుకని కూత ఏసినం, నిన్ననే రిక్షాల మైకు పెట్టి చెప్పినం గద, అన్నడు, నిన్న నల్లా కాడ బిందెల లొల్లిల నీ మైకు ఎవరు విన్నరు సదన్నా, ఆ మొదటోన్ని ఇటు పిలువు, దండ నువ్వేసినవు, చెంప మీద నేనొకటి ఇస్త అన్నది అనసూర్య, ఆడోళ్లంత నవ్విండ్రు, నవ్వుకుంటనే కొందరు ఏడ్సిండ్రు, కొంగులు సర్దుకొని ఒకరెనుక ఒకరు మర్లిపోయిండ్రు, ఐలవ్వ పోలే.

ఎందుకంటే బల్ల మీద ఒక పలక ఉన్నది, పలకకు తొమ్మిది మొలలు, లాంపు రూముల ఉండే పలకే, బాయి దిగేటోడు తన నంబరు ఇత్తడి బిళ్ల పట్టుకొని దిగుతడు, ఎక్కి వచ్చి మొలకు తగిలిస్తడు, తగిలియ్యకుంటే మనిషి ఇంకా లోపటనే ఉన్నడని లెక్క, ఈ పోటీకి కూడ గదే కాయిదా పెట్టిండ్రు, ఇంకేం దొరకలేదా వీళ్లకు, ఒక్క బిళ్ల వేలాడుతున్నది, ఎనిమిది మొలలు ఖాళీ, కొమురెల్లిది నూట పద్దెనిమిది, పోశం బిళ్లే కొలువుతోని పాటు వీనికి వచ్చింది, రెండో బిళ్ల పడ్డది, మూడోది, ఎండ నడినెత్తికి ఎక్కుతున్నది, ఆరోది పడ్డది, నా కొడుకును సూసిండ్రా అని వచ్చినోన్ని వచ్చినట్టు అడిగింది, ఎనుక ఉన్నడు అవ్వా అన్నడొకడు, వస్తడు అన్నడొకడు, ఇంకొకడు మాట్లాడే తీరుల లేడు, చెయ్యి ఊపిండు, చెయ్యి ఊపితే ఏమని అర్థం, ఎనిమిదోది పడ్డది, సదయ్య మైకు తీగ చుట్టుకుంటున్నడు, అవ్వా, నీడకు కూసో, మజ్జిగ తాగు, జీపు పంపినం అన్నడు, జీపు ఎందుకు పంపుతరు, మనిషి మంచిగ ఉంటే జీపు ఎందుకు, నాకు తెలుసు, పొద్దుగాలనే అన్న, రాడని అన్న, అంటే ఎవరు విన్నరు, కన్నోడు కూడ ఊఁ అనలే, ఆ ఒక్క మొలను సూసుకుంట నిలబడ్డది, కన్ను ఆర్పితే ఏమన్న అయితదన్నట్టు.

తొవ్వ చివర తెల్ల బనీను కనబడ్డది, ఉరుకుతున్నట్టు లేదు, ఎవరో ఎనుకకెల్లి నూకుతున్నట్టున్నది, ఒక కాలుకు బూటు ఉన్నది, ఇంకో కాలుకు లేదు, జీపు వాని పక్కనే నడక తీరుగ వస్తున్నది, డ్రైవరు ఎక్కుమంటున్నడు, వాడు తల అడ్డం తిప్పుతున్నడు, ఐలవ్వ పోయి ఎదురుబడితే వాడు ఆగలే, ఆగితే మల్ల లేవను అవ్వా అన్నడు, ఆమె చేసేది లేక వాని పక్కన తనూ ఉరికింది, తిట్టుకుంట, నీ జిమ్మడ, నీ కాళ్లు పాడుగాను, నువ్వు పుట్టకున్నా బాగుండు, గట్ల తిట్టుకుంటనే పలక దాంక, వాడు నడుముకు కట్టిన బిళ్ల ఇప్పి మొలకు తగిలించిండు, రెండుపార్లు జారింది, మూడోపారి పడ్డది, అప్పుడు ఆమె వాని వీపు మీద పిడికిలితోని గుద్దింది, ఒకటి, రెండు, గుద్దిన చెయ్యి ఆడనే ఆగింది, పిడికిలి కింద ఏదో పెద్ద కొలిమి తిత్తి ఆడుతున్నట్టు, నిండుతున్నది, ఒదుగుతున్నది, నిండుతున్నది.

అందరికన్న కడపోడు కదరా నువ్వు, గీ కడపోని కోసమా నేను సచ్చి బతికింది, అని తొవ్వంత సణిగింది, వాడు కుంటుకుంట నవ్విండు, ఇంటికి వచ్చి నీళ్లు ఇస్తే ముట్టలే, సక్కగ మంచం కాడికే, పట్టె మీద వీపు అటు పెట్టి కూసున్నడు, పోశం గిన్నెల గటుక పొద్దున పోసినట్టే గడ్డకట్టి ఉన్నది, గిన్నె ముట్టలే, మంచం దిగి గుమ్మం దాంక పాకి వచ్చి మల్ల పోయినట్టు నేల మీద దుమ్ముల గీరలు, ఆమె అవి సూసింది, సూసినా అడుగుతనే ఉన్నది, ఇయ్యాల ఎవరో ఒకరు చెప్పాలె, నాకు చెప్పేదాంక ఈ పొయ్యి ముట్టియ్య, ఎవరు చెప్పిండ్రు వీన్ని ఉరుకుమని, ఏం సాధించనీకి, మాట్లాడుండ్రి, కొడుకు తండ్రి దిక్కు సూసిండు, తండ్రి గోడ దిక్కు సూసిండు, ఆ సూపు ఈసారి గోడ మీద నిలవలే, మెల్లగ తిరిగి ఆమె మొఖం మీదికి వచ్చింది.

నేనే చెప్పిన, అన్నడు పోశం, అని దమ్ము తీసుకున్నడు, బొగ్గు టబ్బు నూకేటోన్ని, మూల మలుపు దాంక ఒక్క దమ్ముల, అన్నడు, ఆగిండు, ఒకనాడు సగంల ఆగిన, ఎవలకూ చెప్పలే, మూడేండ్లు చెప్పలే, మల్ల ఆగిండు, నాకు ఎరుకయ్యేటాల్లకు రొమ్ముల బొగ్గు దుమ్ము నిండింది, వీనికి నిండొద్దు, ఉరికితె తెలుస్తది, ఉరికినంక దమ్ము మల్ల సదురుకునే దాంక నేను అంకెలు లెక్కపెడత, లెక్క పెరిగిననాడు, కొలువు ఇడిసి, ఊరికి పోవాలె, అనుకున్నం, నీకు చెప్తె, నువ్వు రోజు సస్తవని.

ఇంత పొడుగు మాట ఆ మనిషి నోట విని ఎన్నేండ్లాయెనో, రోజు సస్తనని చెప్పలేదట, చెప్పకుంటె బతికిననా, అనబోయింది, అనలే, పొట్టి గీత, పొడుగు గీత, నేను సున్నం ఏసి తుడిచిన గోడ, అది కొడుకు ప్రాణం రాసుకున్న గోడ, ఆయన రెండు దినాలు దాన్ని సూసింది గందుకు, నేను పొయ్యి కాడ, నల్లా కాడ, గుమ్మం కాడ పైకి అనుకుంట తిరిగిన భయాన్నే ఆయన ఆ మంచంల అరచేతుల పెట్టుకొని కూసున్నడు, నా భయానికి నోరున్నది, ఆయన భయానికి లేదు, గంతే తేడా, ఈ ఇంట్ల భయపడేది నేనొక్కదాన్నే అనుకున్న, ఒక్కదాన్ని కాదు, ఏనాడూ కాదు, అనుకుంట పొయ్యి కాడికి పోయి బూడిదల మంచి బొగ్గు పెళ్ల ఏరి తెచ్చి దిండు పక్కన పెట్టింది, నేల మీద కూలబడ్డది, పోశం చెయ్యి కొడుకు వీపు మీద బోర్లా పడి ఉన్నది, కండ్లు మూసి ఉన్నయి, పెదవులు ఆడుతున్నయి, ఆమె కూడ పెదవులు ఆడిచ్చింది, నూరు దాటింది, ఎన్నడూ లేంది ఇరవై ఆరు మైళ్లు గద, ఎక్కువనే పడతది, పట్టనీ, రెండు నూర్లు దాటింది, దమ్ము మంచిగనే ఉన్నదా, అని అడిగింది, ఆయన పెదవులు లెక్క ఆపలే, బయట అనసూర్య ఎవరికో సైరను కథ చెప్పి నవ్వుతున్నది, నల్లాల నీళ్లు వచ్చి బిందెల పడ్డ సప్పుడు, కొడుకు వీపు నిండుతున్నది, ఒదుగుతున్నది, మెల్లగ, ఇంకింత మెల్లగ, ఆమె మల్ల అడుగలే, అడుగకుంట కూసునుడు ఆమెకు అదే మొదలు, ఎంతసేపటికో పోశం కండ్లు తెరిచిండు, చెయ్యి తియ్యలే, ఆమె దిక్కే సూసి, ఉన్నది, అన్నడు.