కొలను మూసిన రోజు

ఈత కొలను నీళ్ళ మీద తేలుతున్న పురుగుల్ని కాజిమిర్ పొడవాటి కర్రకు బిగించిన వలతో ఒడ్డుకు లాగుతున్నాడు. ఆకులు లేవు. రాలడానికి చెట్లుండాలి కదా. క్లోవర్ గ్లెన్ కాలనీలో ఇంటికొకటి చొప్పున నాటిన మొక్కలన్నీ ఇంకా కర్రలకు కట్టిన పుల్లల్లానే ఉన్నాయి. దీపాల వెలుగుకు వచ్చిన రాగిరంగు పురుగులు మాత్రం తెల్లారేసరికి గుప్పెళ్ళకొద్దీ చచ్చి తేలేవి. వాటిని గడ్డిలో దులిపి మళ్ళీ వల ముంచబోతూ ఆగిపోయాడు. మెడ పట్టేసినట్టుంది. తల వంచితే వెన్నులోంచి ఒక నొప్పి సన్నగా పైకి పాకుతోంది.

కిటికీ తెరుచుకుని పడుకున్నాను, అందుకే, అనుకున్నాడు. ఆగస్టు ఉక్కలో కూడా కిటికీ మూసుకునే పడుకున్న సంగతి వెంటనే గుర్తొచ్చింది.

నిన్న సాయంత్రం కీగన్ వాళ్ళ ఇంటి ముందు అంబులెన్సు ఆగింది. ఆరేళ్ళ లోరెయిన్‌ను దుప్పట్లో చుట్టి తీసుకుపోయారు. పోలియో అన్న మాట ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా వీధి వీధంతా తలుపులు వేసుకుంది.

పోయిన వారం ఆ పిల్ల ఈ కొలనులోనే పొలమారి ఉక్కిరిబిక్కిరైంది. కాజిమిర్ వంగి రెండు చంకలూ పట్టుకుని పైకి లాగాడు. పిల్ల అతని భుజం మీదే దగ్గింది. ఆ భుజాన్ని నిన్నటి నుంచి క్లోరిన్ నీళ్ళతో రుద్దీ రుద్దీ ఎర్రగా చేసుకున్నాడు. జబ్బు నీళ్ళలోంచి పిల్లకు వచ్చిందో, పిల్లలోంచి నీళ్ళలోకి పోయిందో అతనికి తెలియదు. డాక్టర్లకే తెలియదంటున్నారు.

ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. చూస్తే యాభై దాటినవాడిలా ఉంటాడు. వంగిన వీపు, ఎండకు కమిలిన మెడ, మోకాళ్ళదాకా వేలాడే చేతులు. లాంగ్ ఐలాండ్‌లో ఈ నేలంతా బంగాళాదుంప చేనుగా ఉన్నప్పుడు అతని తండ్రి ఇక్కడ పాలేరు, తర్వాత అతనూ పాలేరే. యుద్ధం అయిపోయింది. సైనికులు తిరిగొచ్చి ఉండటానికి చోటులేక అత్తారిళ్ళలో ఇరుక్కుంటే, యజమాని ఇళ్ళు కట్టే కంపెనీకి చేను అమ్మేశాడు. లారీలు వచ్చాయి. పొద్దున పునాది పోస్తే నెల తిరిగేసరికి కాపురం. ఒకే అచ్చులో పోసినట్టు ఇళ్ళు లేచాయి. పొరపాటున పక్కింటి తలుపు తోసుకుని లోపలికెళ్ళిన మగవాళ్ళ గురించి ఆడవాళ్ళు బట్టలారేస్తూ పగలబడి నవ్వుకునేవారు. కంపెనీ కాజిమిర్‌ను కొలను కాపలాకు పెట్టుకుని, పంపు షెడ్డు వెనక ఒక గది ఇచ్చింది. ఈత వచ్చా అని ఎవరూ అడగలేదు, రాదని అతనూ చెప్పలేదు.

అడిగినదానికి "సరే సార్" అనడం తప్ప అతనికి వేరే అలవాటు లేదు. భయం చిన్నప్పుడే పట్టుకుంది. అతనికి ఆరేళ్ళప్పుడు, 1916 వేసవిలో, ఇదే జబ్బు అతని చెల్లెలు వాండాకు వచ్చింది. కిటికీలకు తండ్రి చెక్కలు కొట్టాడు. వాళ్ళ ఇంటి ముందునుంచి వెళ్ళే బండ్లవాళ్ళు ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని గుర్రాల్ని అదిలించేవారు. దుకాణం వాడు రొట్టెను గుమ్మానికి దూరంగా నేలమీద పెట్టి పరిగెత్తేవాడు. నాలుగో రోజుకు వాండా ఊపిరి ఆగిపోయింది. తల్లి ఏడుపు బయటికి వినబడకుండా నోట్లో గుడ్డ కుక్కుకుంది. పెద్దయ్యాక కూడా కాజిమిర్ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

వల గోడకు ఆనించి తల ఎత్తేసరికి కంచె అవతల నోరా కీగన్ నిలబడి ఉంది. చెప్పులు లేవు. నిన్నటి గౌనే.

"క్యాజ్, నిజం చెప్పు. మా లోరెయిన్ ఈ నీళ్ళు మింగిందా?"

అందరూ అతన్ని అలాగే పిలిచేవారు. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కొంచెం మింగిందమ్మా. అందరు పిల్లలూ మింగుతారు."

"ఆసుపత్రిలో నన్ను లోపలికి రానివ్వలేదు. ఆదివారం కిటికీ అద్దంలోంచి చూపిస్తారట. అంతవరకూ దాని పక్కన ఎవరుంటారు? చీకటంటే భయం దానికి." కంచె తీగను పట్టుకుని లాగింది. "ఎందుకలా వెనక్కి పోతున్నావు? నువ్వు కూడానా? పొద్దున్నించి చూస్తున్నాను, నన్ను చూసి అందరూ వీధికి అవతలి పక్కకు పోతున్నారు."

నీకోసమే తల్లీ, నా ఒంట్లో బాగాలేదు అనాలనుకున్నాడు. అంటే అది నిజమైపోతుందేమోనని నోరు రాలేదు. ఆమె తీగ వదిలేసి వెళ్ళిపోయింది.

ఎండెక్కేసరికి మేనేజరు హాల్‌బర్ట్ కారు దిగాడు. తెల్లటి చొక్కా, చంకల్లో చెమట.

"ఏమయ్యా క్యాజ్, నీళ్ళు బాగున్నాయిగా?"

"సార్, ఈ వారం మూసేస్తేనో..."

"మూసేస్తే జబ్బు మన కొలనులోంచే వచ్చిందని ఒప్పుకున్నట్టు. శనివారం ఇళ్ళు చూడటానికి జనం వస్తున్నారు. కొలను ఖాళీగా కనిపిస్తే మొహం ఎక్కడ పెట్టుకోను? క్లోరిన్ ఇంకో డబ్బా పోయి. పదింటికి గేటు తియ్యి."

"సరే సార్."

"ఆ గది కావాలంటే గేటు తియ్యి మరి," అని నవ్వుతూనే కారెక్కాడు.

పదింటికి నలుగురైదుగురు పిల్లలు భుజాల మీద తువ్వాళ్ళు వేసుకుని వచ్చారు. ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్ళే అయ్యుంటారు. కాజిమిర్ తాళంచెవి తీసుకుని గేటు వైపు నడిచాడు. ఎడమకాలు గచ్చు మీద ఈడ్చుకుపోతూ చప్పుడు చేసింది. ఆగాడు. కాలెత్తమని మనసులో గట్టిగా చెప్పుకున్నాడు. తొడ వణికింది, పాదం లేవలేదు.

కిటికీలకు చెక్కలు కొట్టిన చప్పుడు చెవుల్లో మోగింది.

"క్యాజ్ మావయ్యా, తొందరగా తియ్యి! కాళ్ళు కాలుతున్నాయి!"

"ఇవాళ లేదు. ఇళ్ళకి పొండి."

"మావయ్యకి నీళ్ళంటే భయం!" అని ఒకడు పాటలా అందుకున్నాడు. మిగతావాళ్ళు గొంతు కలిపారు. ఒక పిల్ల గేటు ఎక్కబోయింది.

"పొమ్మన్నానా!"

అంత గొంతు తనలో ఉందని అతనికే తెలియదు. పిల్లలు బిత్తరపోయి పరిగెత్తారు. గేటుకు లోపలినుంచి గొలుసు చుట్టి తాళం వేశాడు. కొంత నడిచి, కొంత దేకి పంపు షెడ్డు చేరాడు. కొలను నీళ్ళు బయటికి వదిలే ఇనుప చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని వేలాడి తిప్పాడు. కొలను గుడగుడమంది. మళ్ళీ ఒడ్డుకు దేకి వచ్చి కూర్చున్నాడు. గది పోతుందన్న భయం ఉంది. చచ్చిపోతానన్న భయం అంతకంటే ఉంది. ఈ రెండూ ఉండగానే నీళ్ళు దిగిపోవడం చూస్తూ కూర్చున్నాడు.

పిల్లల కేకలు విని ఎవరో ఫోను చేసినట్టున్నారు. హాల్‌బర్ట్ వచ్చి గొలుసు పట్టుకుని ఊపాడు.

"మతిపోయిందా నీకు? తియ్యి తాళం!"

"దగ్గరికి రాకండి సార్. నా కాలు లేవట్లేదు."

హాల్‌బర్ట్ చెయ్యి గొలుసును వదిలేసింది. వెనక్కి వెనక్కి నడిచి, ఆ చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, కారు చేరేదాకా తుడుచుకుంటూనే ఉన్నాడు.

అంబులెన్సు వాళ్ళు గొలుసు కోసి లోపలికొచ్చేసరికి అతనికి ఊపిరి ఎగబీల్చుకోవాల్సి వస్తోంది. కిటికీల పరదాల వెనక మొహాలు కనిపిస్తున్నాయి. ఎవరూ బయటికి రాలేదు. నోరా ఒక్కతే పరుగున వచ్చింది. వద్దని వాళ్ళు అడ్డుపడుతున్నా స్ట్రెచర్ కర్ర పట్టుకుంది.

"క్యాజ్, నువ్వు వెళ్ళేది అక్కడికే కదా! లోరెయిన్ కనిపిస్తే చెప్పు, అమ్మ బయటే నిలబడుందని. ఎక్కడికీ పోలేదని చెప్పు."

"చెప్తానమ్మా," అన్నాడు.

శనివారం పొద్దున, ఆసుపత్రిలో ఊపిరి ఆడించే ఇనుప పెట్టెలో కాజిమిర్ చనిపోయాడు. అదే పొద్దున క్లోవర్ గ్లెన్‌కు ఇళ్ళు చూడటానికి జనం వచ్చారు. ఖాళీ కొలను మీద టార్పాలిన్ కప్పి, మరమ్మతులని చెప్పారు. ఇళ్ళు అమ్ముడుపోయాయి.

లోరెయిన్ క్రిస్మస్ ముందు కాళ్ళకు ఇనుప పట్టీలతో ఇంటికి వచ్చింది. క్యాజ్ కనిపించాడా అని నోరా ఒక్కసారే అడిగింది. కనిపించలేదంది పిల్ల. రెండో రాత్రి నడవాలో ఎవరో మనిషి తన పేరు పెట్టి గట్టిగా అరిచాడనీ, మీ అమ్మ బయటే ఉందన్నాడనీ, నర్సులు అతన్ని ఊరుకోమన్నారనీ చెప్పింది. తనకి భయమేసి దుప్పటి కప్పుకుందట.

ఆ చలికాలమంతా కొలను ఒడ్డున, స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు అతని ఎడమ పాదం నుంచి ఊడిపోయిన రబ్బరు బూటు, ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలక, అంచుదాకా మంచుతో నిండి అలాగే నిలబడి ఉంది.