మోతీ పేరున్న గిన్నె

తోటి కూలీ జమ్లీ వాళ్ల అత్తకు జ్వరం అంటించింది తానేనా అన్న అనుమానం విజయలక్ష్మిని ఏడేళ్లుగా వదల్లేదు. దీపం పెట్టిన ప్రతిసారీ దేవుణ్ణి అడిగేది. ఆయన ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఏడేళ్ల కిందట వానలు పడ్డాక దేవరుప్పులలో ఇంటికొకరు మంచం పట్టారు. గొంతు మంట, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు. విజయలక్ష్మి లేవలేకపోయింది. పత్తి చేలో ఆమె పక్క సాలు పట్టి కలుపు తీసే జమ్లీ, ఊరి పక్క లంబాడీ తండా నుంచి గిన్నెడు మిరియాల చారు తెచ్చి, కాసేపు నుదురు పట్టి వెళ్లింది. వారం తిరక్కుండానే జమ్లీ అత్త అదే జ్వరంతో పోయింది. ఆ నెలలోనే జమ్లీ భర్త మోతీకి భూపాలపల్లి బొగ్గుగనిలో పని దొరికి, కాపురం అటు మారింది.

గిన్నె ఇక్కడే మిగిలింది. అంచు మీద 'మోతీ' అని చెక్కిన స్టీలు గిన్నె. ఒకరు నింపి ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. చావు జరిగిన ఇంటికి ఏం నింపి పంపాలో ఆమెకు తోచలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో అసలే తోచలేదు. ఏటా ఇల్లు దులిపినప్పుడు దాన్ని చింతపండుతో తోమి మళ్లీ అటక మీద బోర్లించేది. కలుపు రోజులొస్తే పక్క సాలు వైపు చూసేది. అక్కడ ఇంకెవరో ఉండేవారు. పాట ఎత్తుకుంటే అందుకునే గొంతు మాత్రం లేదు.

ఈ వానాకాలం మళ్లీ జ్వరాలు లేచాయి. దవాఖానలో నర్సమ్మ విజయలక్ష్మికి చెప్పింది: "గిది మనూరి జ్వరం గాదమ్మా, ఏటా ప్రపంచమంతా తిరుగుతది. ఎవలకెల్లి ఎవలకొచ్చిందో ఎవలు చెప్తరు?"

"దేవునికి తెల్వదా?"

"తెలిస్తే నాకు గూడ జర చెప్పుమను. రిజిస్టర్ల రాస్కుంట."

ఆ వారమే తండా నుంచి కబురు తెలిసింది, భూపాలపల్లిలో జమ్లీ జ్వరంతో పడుకుందని. విజయలక్ష్మి అటక మీది గిన్నె దించింది.

"ఫోన్ చెయ్యరాదు," అన్నాడు భర్త హన్మంత్.

"చారు ఫోన్ల పోతదా?"

"అయితే ముక్కుకు గుడ్డ కట్టుకో. నువ్వు గూడ పండుకుంటే నాకు చారు గాదు, నీళ్లు కాచేటోళ్లు గూడ లేరు."

చారు ఫ్లాస్కులో పోసుకుని, జనగామలో ఒక బస్సు, హన్మకొండలో ఇంకో బస్సు మారి, మధ్యాహ్నానికి భూపాలపల్లి చేరింది.

మంచం మీద దుప్పటి కప్పుకున్న జమ్లీ మనిషి కంటే ముందు గిన్నెను చూసింది.

"అక్కా, ఇంకున్నదా గా గిన్నె?"

"ఖాళీగ ఎట్ల పంపాలె?" విజయలక్ష్మి మంచం అంచున కూర్చుంది. "జమ్లీ, మీ అత్తకు నా జ్వరమే అంటిందా?"

"ఏమో అక్కా. అప్పటికే తండల పదిమంది పండుకున్నరు. నీ పేరు నేనెన్నడు తియ్యలే." దుప్పటి తొలగించి లేచి కూర్చుంది. "నా పరేషాన్ వేరే. గిన్నె మల్ల రాకపాయె. తండోళ్ల చేతిదని పారబోసినవేమో అనుకున్న."

విజయలక్ష్మి గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"ఊదుకుంట తాగిన. అడుగున మిరియాలు గూడ నమిలిన. ఉప్పే జర ఎక్కువాయె."

జమ్లీ నవ్వబోయి దగ్గింది. "గా ఉప్పు మా అత్త చెయ్యి. ఆమెనే కాచింది. నేను మోసుకొచ్చిన, అంతే."

విజయలక్ష్మి ఫ్లాస్కు మూత తీసి, గిన్నె నిండా పోసి అందించింది. జమ్లీ రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ తాగింది. చివరికి అడుగున మిగిలిన మిరియాలను వేలితో తీసి నోట్లో వేసుకుంది.

"ఉప్పు తక్కువాయె," అంది. లేచి గిన్నె కడిగి, తన గిన్నెల వరసలో బోర్లించింది.