గోడ మీద ఎరుపు

మూడో బస్తా పక్కకు జరిపేసరికి గోడ మీద నెత్తురు కారినట్టు ఎర్రటి చారలు కనబడ్డాయి. నీలవ్వ చటుక్కున వెనక్కి తగ్గింది.

అది నెత్తురు కాదని మరుక్షణమే తెలిసింది. పసుపు ధూళి, గోడ సున్నం, నీళ్లు. మూడూ కలిస్తే పారాణి ఎరుపు. పెండ్లిళ్లలో ఎన్నిసార్లు కలిపిందో! పసుపు గోదాంలో ధూళి ఉంటుంది, గోడకు సున్నం ఉంటుంది. మరి నీళ్లెక్కడివి? ఆర్మూరులో చినుకు పడి నాలుగు నెలలైంది.

బస్తా అడుగున చెయ్యి పెట్టింది. గోనె చల్లగా, మెత్తగా తగిలింది. లోపల కొమ్ములకు బూజు.

"చూసినవా?" అన్నాడు వెనక నుంచి వెంకటరాజం. ఆ గోదామూ, దాన్ని ఆనుకుని ఉన్న ఇల్లూ ఆయనవే. పక్క ఊరు పెర్కిట్ రైతుల పసుపు సగం ఆయన అడితిలోనే, ఆయన కమీషన్ మీదే అమ్ముడవుతుంది. "పచ్చి సరుకు తెచ్చి నా గోదాంల పడేసినవ్. జర ఎండనిస్తే ఏం పోయేది? రేపు ఖరీదుదార్లు వస్తరు. నీలవ్వది తడి సరుకని ముందే చెప్పాలె. లేకుంటే నా మాట పోతది."

"నీ మాట పోతదా? మరి నా మాట?"

పెనిమిటి పోయాక పదేళ్లుగా ఆమె పసుపు పండిస్తోంది. ఆమె గుర్తు వేసిన బస్తాను ఖరీదుదార్లు విప్పకుండానే కొంటారు. ఒక్కసారి తడి సరుకని పేరు పడితే ఇక ఆ గుర్తును ఎవరూ ముట్టరు.

నీలవ్వ బూజు పట్టిన కొమ్మును రెండు చేతులా పట్టుకుని విరిచింది. టక్కుమంది.

"ఇగో, కండ్లు పెట్టి చూడు సేటు! పచ్చి కొమ్మైతే వంగుతది, నడుమ మెత్తగుంటది. గిది లోపల రాయి లెక్కున్నది. తడి పైపొరకే ఉన్నది. పదిహేను దినాలు ఎండవెట్టిన. ఎండినంక తడిసింది. నీ గోదాంల తడిసింది!"

"నా గోదాంల నీళ్లెక్కడివి? నువ్వు కడవ పట్టుకొచ్చినవా?"

"గీ గోడ అవతల ఏమున్నది?"

వెంకటరాజం బస్తాను మళ్లీ గోడకు జరపబోయాడు. గడపలో నిలబడ్డ ఆయన భార్య తారాబాయి పలికింది. "తానాల అర్ర."

ఆ స్నానాల గది సంగతి బజారంతా ఎరుగు. మిద్దె మీద నీళ్ల తొట్టి, గోడలోంచి గొట్టం, పైన బొంబాయి నుంచి తెప్పించిన ఫవారా. నల్లా చెవి తిప్పితే నెత్తిన వాన. ఇంటికి ఎవరొచ్చినా వెంకటరాజం ముందు అది చూపించి, ఆ తర్వాతే కూర్చోమనేవాడు.

నీలవ్వ అడగకుండానే లోపలికి నడిచింది. ఫవారా చుక్కలు చుక్కలుగా కారుతోంది. చెవి తిప్పింది. గుండ్రంగా తిరుగుతూనే ఉంది తప్ప ఎక్కడా బిగియలేదు.

"దసరాకు రెండు తిప్పులకు బందయ్యేది," అంది తారాబాయి. "శివరాత్రికి ఆరు తిప్పులు. ఇప్పుడు చేతులు పడిపోయేదాక తిప్పినా కారుడే. చెప్తే వింటరా? గట్టిగ తిప్పమంటరు!"

"ఇంట్ల ముచ్చట బయట చెప్పకు," అని కసిరాడు వెంకటరాజం.

"బయటికి నీళ్లే పోయినయి, ఇంకా ముచ్చటెందుకు దాచుడు?" అని తారాబాయి బియ్యం మిల్లు ఫిట్టరు హన్మండ్లుకు కబురు పంపింది.

హన్మండ్లు తొట్టి దగ్గర నీళ్లు ఆపి వాల్వు విప్పాడు. లోపలి తోలుబిళ్ల అరిగి కాగితంలా ఉంది. మర చుట్లు నున్నగా అయిపోయాయి. బిళ్ల కూర్చునే ఇత్తడి అంచుకు గాడి పడింది.

"తోలు ఒక్కటి మారిస్తే నడవదా?" అన్నాడు వెంకటరాజం.

"నెల నడుస్తది సేటు. మళ్ల గిదే లొల్లి. అంచే తెగింది. మొత్తం మార్చాలె." హన్మండ్లు పాత వాల్వును వెలుతురుకు తిప్పాడు. చెవి చుట్టూ పట్కారు పళ్ల గాట్లు. "ఎవరో దీన్ని బలంగ పిండిండ్రు. పిండినకొద్దీ తోలు నలిగి, నీళ్లు వెనక గోడ లోపటికి దిగినయి."

మిల్లులో మిగిలిన ఇత్తడి వాల్వు తెచ్చాడు. మరకు జనుపనార చుట్టి, నీళ్లు కారకుండా తెల్లటి సఫేదా ముద్ద పూసి బిగించాడు. నీళ్లు వదిలి, పొడిగుడ్డ చుట్టి పావుగంట ఆగాడు. గుడ్డ తడవలేదు.

నీలవ్వ కోపం మాత్రం చల్లారలేదు. "సేటు, నా బస్తాలు నేను వాకిలి దగ్గర దించిన. గోడకు ఎవరు జరిపిండ్రు?"

వెంకటరాజం బయటికి నడిచాడు.

తెల్లారి ఖరీదుదార్లు వచ్చారు. తువ్వాల కింద వేళ్లు పట్టి ధర చెప్పుకునే వేళ, నీలవ్వ పాత వాల్వును, విరిచిన కొమ్మును వాళ్ల మధ్య పెట్టి నిలబడింది. "నా సరుకు పచ్చిదంటున్నడు సేటు. ఎట్ల తడిసిందో ఆయన నోటితోనే చెప్పుమనుండ్రి!"

"మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?" అంది గడపలోంచి తారాబాయి.

వెంకటరాజం తల వంచుకునే చెప్పడం మొదలుపెట్టాడు.

"నల్లా పాడైందని నాకు శివరాత్రి నాడే ఎరుక. ఫిట్టరును పిలిస్తే సేటు ఫవారా పాయెనని బజారంత నవ్వుతదని, నేనే పట్కారుతోటి పిండిన. గోడ తడైంది. గా గోడకు నా బస్తాలుండె. నావి వాకిట్లకు తెచ్చి, ఆమెవి గాడ పెట్టించిన. పచ్చి సరుకని అబద్ధమాడిన. నీలవ్వ ఎండిన పసుపే తెచ్చింది. తడిపింది నేను."