రాణత్త ఆట

“పిల్లలను జర ఆడించుకుంట పని చేస్కో రాణీ, మేం గిట్ల పోయి గట్ల వస్తం” అంటూ పెద్ద వదినె గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. చిన్న వదినె అప్పటికే ఆటోలో కూర్చుని పౌడరు సరిచేసుకుంటోంది. ఇద్దరూ బోధన్ బస్టాండులో బస్సెక్కి నిజామాబాదు పోయి పండుగ బట్టలు కొని సాయంత్రానికి వస్తారు. ఆటో ఇంకా గల్లీ మలుపు తిరగలేదు, వెనక గదిలో ఏదో భళ్లున పగిలింది. జ్యోతిరాణి పండుగకు చేసే గరిజెల పిండి అంటిన చేతులతోనే పరుగెత్తింది.

పగిలింది ఉప్పు జాడీ. దాని చుట్టూ ఏడుగురు పిల్లలు, ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తూ. అందులో తను కన్నవాళ్లు ఇద్దరే, తొమ్మిదేళ్ల సింధూజ, నాలుగేళ్ల చిన్ను. వర్ని నుంచి వచ్చిన పెద్ద వదినె పిల్లలు ముగ్గురు, వాళ్లలో పెద్దవాడు బంటికి పదకొండేళ్లు. మిగతా ఇద్దరూ చిన్న వదినె పిల్లలు. క్రిస్మస్ నాలుగు రోజులుందనగా భర్త దేవన్న అక్కలిద్దరూ పిల్లలను తీసుకుని ఇక్కడ దిగిపోవడం పదేళ్ల నుంచి నడుస్తున్నదే. రాణి టీచరు కదా, పిల్లలను మంచిగా పట్టుకుంటదని అందరూ అంటారు. పొగడ్తలా వినిపించే ఆ మాట అసలు రుచి ఆమెకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. పట్టుకోవడం, ఆడించడం, సముదాయించడం, ఇవేవీ వీళ్ల లెక్కలో పనులు కావు. గోడలు కడగడం పని, పరదాలు ఉతకడం పని, అప్పాలు చేయడం పని. పిల్లలను ఆడించడం మాత్రం ఆ పనులన్నీ చేస్తూ ఆమె ఊరికే పీల్చుకునే గాలి లాంటిది.

బడిలోనూ అంతే. పోయిన నెల ప్రిన్సిపాల్ సారు పిలిచి, “మీ పండుగే కద టీచర్, మీరే చూస్కోండి” అన్నాడు. ఆ ఒక్క మాటకు నలభై మంది యూకేజీ పిల్లలకు దూదితో గడ్డాలు అంటించింది, అట్టలతో రెక్కలు కోసింది, బడి విడిచాక రోజూ ఆరు దాకా ఉండిపోయింది. తీరా నాటకం రోజు వేదిక మీద పూలగుత్తి ప్రిన్సిపాల్ భార్యకు ఇచ్చారు. జ్యోతిరాణి పరదా వెనక ఏడుస్తున్న ఒక దేవదూత ముక్కు తుడుస్తోంది. మీ పండుగ అన్నాడు కదా, మరి పండుగ ఎవరిది? ఇంట్లో అడిగితే అదీ చెప్పేవాళ్లు లేరు. మామ లింబయ్య పది రోజులుగా అరుగు మీద వెదురు బద్దలతో ఒక నక్షత్రం కడుతున్నాడు. దారిన పోయేవాళ్లంతా ఆగి, ఎంత ఓపిక తాతా నీకు అంటారు. ఆ పది రోజుల్లో ఆయనకు పెట్టిన చాయ్‌ల ఓపిక గురించి ఎవరూ ఏమీ అనరు. “పోరగాండ్లను పట్టుకోవే, కాగితం చింపుతరు” అని ఆయన గంటకోసారి లోపలికి కేకేస్తాడు.

ఉప్పు ఎత్తి, పెంకులు ఏరి, పిల్లలకు రంగు కాగితాలు, జిగురు ఇచ్చి కూర్చోబెట్టింది. తలో గొలుసు అతికించండి, ఎవరిది పొడుగైతే వాళ్లకు మొదటి గరిజ అంది. అది ఎంతసేపు నడుస్తుందో ఆమెకు తెలుసు, ముప్పావు గంట. ఆ ముప్పావు గంటలో మురుకుల బియ్యం గిర్నికి తీసుకుపోయి పట్టించుకు రావాలి. చిన్ను వెంటబడితే వాడిని చంకన వేసుకుని, బియ్యం సంచి రెండో చేత్తో పట్టుకుని బయల్దేరింది.

గిర్ని దగ్గర గోదావరక్క కనిపించింది. బట్టలు కుడుతుంది, చర్చిలో ఆడవాళ్ల పాటల బృందాన్ని ఇరవై ఏళ్లుగా ఆమే నడుపుతోంది. జ్యోతిరాణిని చూసి కాస్త ముభావంగా నవ్వింది.

“రానంటివట గద రాణీ.”

జ్యోతిరాణికి అర్థం కాలేదు. ఎక్కడికి అని అడిగింది.

“పాటకు. క్రిస్మస్ పొద్దున మొదటి చరణం నువ్వొక్కదానివే పాడాలని పెట్టిన. దేవన్నతోని చెప్పి పంపిన. ఆమెకు గవన్ని ఇష్టం లేవక్కా, పిల్లలుంటే సాలు ఆమెకు అని నలుగురి ముంగట అన్నడు. సరే తియ్ అనుకున్న.”

గిర్ని చప్పుడులో జ్యోతిరాణి ఆ మాటలు మళ్లీ అడిగి విన్నది. మొదటిసారి వినబడక కాదు. బియ్యం పిండి తెల్లగా లేచి చిన్ను జుట్టు మీద పడుతోంది. రోజూ నాలుగింటికి చర్చి పక్క గదిలో ప్రాక్టీసు జరుగుతోందని, ఆ చరణం ఇంకా ఎవరికీ ఇవ్వలేదని గోదావరి చెప్పింది. జ్యోతిరాణి తల ఊపింది. సంచి తీసుకుని నడిచింది. చెరుకు ట్రాక్టరు ఒకటి పక్క నుంచి పోతుంటే చిన్ను చెరుకు గడ కావాలని ఏడ్చాడు. ఆమెకు వాడి ఏడుపు దూరంగా ఎక్కడో వినిపించింది.

డిచ్‌పల్లిలో ఆమె పుట్టి పెరిగిన ఇంటికి ఈ సంబంధం పాట వల్లనే వచ్చింది. యువజనుల కూటంలో ఆమె పాట విని దేవన్న మూడో రోజే తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చాడు. “మాకేం వద్దు, పిల్ల గొంతు చాలు” అని అత్త సత్తవ్వ ఆ రోజు అందరి ముందూ అంది. ఆ మాట పెళ్లిలో కూడా చెప్పుకున్నారు. పెళ్లయిన మొదటి క్రిస్మస్‌కు పాడింది. రెండో క్రిస్మస్‌కు సింధూజ కడుపులో ఉంది. ఆ తర్వాత ప్రతి డిసెంబరులో పాట మొదలయ్యే వేళకు ఎవరో ఒక పిల్ల ఏడుస్తుంది, ఎవరో ఒకరు ఆ పిల్లను తెచ్చి ఆమె ఒడిలో పెడతారు, ఆమె లేచి చర్చి బయట వేపచెట్టు కిందికి పోతుంది. తొమ్మిదేళ్లుగా పండుగ పాటలు ఆమె గోడ బయటి నుంచే విన్నది. ఎవరో వద్దన్నారని చెప్పుకోవడానికి కూడా లేదు. ఎవరూ వద్దనలేదు. అందుకే కోపం ఎవరి మీద పడాలో తెలియక చేతికి దొరికిన సింధూజ వీపు మీద పడేది. ఇవాళ పొద్దున కూడా, తలదువ్వుకోవడానికి ఆలస్యం చేసిందని ఆ పిల్ల చెయ్యి గిల్లింది. ఎర్రగా కందింది. పిల్ల ఏడవలేదు, చెయ్యి వెనక్కి దాచుకుంది.

మధ్యాహ్నం దేవన్న భోజనానికి వచ్చాడు. చర్చి కమిటీకి కార్యదర్శి, పండుగ నెలంతా కాలు నిలవదు. అన్నం పెడుతూ అడిగింది, గోదావరక్కతో నేను రానని చెప్పినవా అని. అతను ముద్ద కలుపుతూనే నిదానంగా జవాబిచ్చాడు. అతనిలో ఉన్న కష్టమే అది, ఎప్పుడూ అరవడు.

“నీ మంచికే చెప్పిన. ఎట్లయిన నీకు తీరదు గద. అడిగి నిన్ను పరేషాన్ జేసుడెందుకు?”

“నన్ను అడిగితె నేనే చెప్పేదాన్ని గద, తీరదని.”

“అదే మాట నేను చెప్పిన. ఫరకేమున్నది?” అన్నాడు దేవన్న, పెరుగు అడిగాడు.

ఆమె పెరుగు వేసింది. తేడా ఉందని ఆమెకు తెలుసు. అతను చెయ్యి కడుక్కుని, నాలుగింటికి కమిటీ మీటింగు ఉందని, పిల్లలను చర్చి వైపు పంపొద్దని, షామియానా గుంజలు పీకుతారని చెప్పి వెళ్లిపోయాడు.

మూడున్నరకు నూనె కాగింది. మొదటి వాయి గరిజెలు వేసింది. సత్తవ్వ పీట మీద కూర్చుని గరిజెల్లో ఎండుకొబ్బరి కుడుక పొడి నింపుతోంది. వెనక గది నుంచి పిల్లల నవ్వులు వస్తున్నాయి. ఇంతసేపు గొడవ లేకుండా ఆడుకుంటున్నారంటే ఏదో చేస్తున్నారనిపించి, చిల్లుల జాలిగంటె చేత్తో పట్టుకునే తొంగి చూసింది.

ఐదుగురు పిల్లలు మంచం మీద వరసగా కూర్చున్నారు. చిన్న వదినె కూతురు కింద నడుముకు తువ్వాలు చుట్టుకుని ఇటూ అటూ ఉరుకుతోంది. మంచం మీది నుంచి ఒకరి తర్వాత ఒకరు కేకలు. “రాణత్తా, నీళ్లు!” “రాణత్తా, నా సాక్సు ఏది?” “రాణత్తా, వీడు కొడ్తుండు!” బంటి కాలు మీద కాలు వేసుకుని, చెవికి ఫోన్ బదులు దువ్వెన పెట్టుకుని, అచ్చం దేవన్న గొంతుతో, “రాణీ, చాయ్ ఏమాయె? మనుషులొచ్చిండ్రు” అన్నాడు. మంచం మొత్తం ఊగిపోయేలా నవ్వారు. పది లెక్కపెట్టేలోపు అడిగింది తేలేకపోతే ఆ పిల్ల మళ్లీ రాణత్త అవ్వాలి. తెస్తే మంచం ఎక్కొచ్చు. ఆట అదే. ఎవరూ వాళ్లకు నేర్పలేదు, చూసి నేర్చుకున్నారు. చిన్ను అందరికంటే ఎక్కువ నవ్వుతున్నాడు. “రాణత్తా, కడుగు!” అని వాడు కూడా వంగి చూపించాడు.

కింద ఉన్న పిల్ల ఎలాగో సాక్సు తెచ్చి మంచం ఎక్కేసింది. తర్వాతి వంతు సింధూజది. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తువ్వాలు ఇస్తే తీసుకోలేదు.

“నువ్వు ఆమె బిడ్డెవే గద, నీకు అల్కగ అస్తది” అన్నాడు బంటి.

“నేను రాణత్తను కాను. గొర్రెనన్న అయిత గని, రాణత్తను మాత్రం కాను” అంది సింధూజ.

పోయిన వారం బడి నాటకంలో గొర్రె వేషం ఎవరూ వేయనని ఏడిస్తే, జ్యోతిరాణి ఒక్కో పిల్లను బతిమాలి నాలుగు కాళ్ల మీద నిలబెట్టింది. తన కూతురికి ఆ గొర్రె బతుకే నయమనిపించింది. జ్యోతిరాణి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పిల్లల మీద కోపం రాలేదు. అదే ఆమెకు వింతగా అనిపించింది. పదేళ్లలో మొదటిసారి కోపం దారి తప్పకుండా, ఎక్కడికి పోవాలో అక్కడికి పోతోంది. నన్ను చూసి ఈ పిల్ల నేర్చుకుంటున్నది ఇదా? పెద్దయ్యాక ఎవరి ఇంట్లోనో తువ్వాలు చుట్టుకుని పది అంకెలు లెక్కపెట్టేలోపు ఉరకడమా? లేక అందరిలాగే మంచం మీద కూర్చుని నన్ను పిలవడమా? ఈ రెండే ఉన్నాయా దీనికి? ఫరకేమున్నది అని అడిగాడు కదా ఆ మనిషి. ఇదిగో, ఇది ఫరకు. నా గొంతు నువ్వు తీసుకుని నా తరఫున మాట్లాడితే నా బిడ్డ గొర్రె కావడానికి సిద్ధపడింది.

వంటింట్లోకి పోయి ఆ వాయి తీసేసి స్టవ్ ఆపేసింది. సత్తవ్వ తలెత్తి, నూనె ఇప్పుడే మంచిగా కాగింది కదా అంది.

“బందు జేసిన అత్తమ్మా. వదినెలు వచ్చినంక గోలిస్తరు, లేకుంటె లేదు.”

“పండుగకు అప్పాలు లేకుంటె ఎట్లనే? మేం చెయ్యలేదా ఇన్నేండ్లు?”

“చేసిండ్రు. మీరు కూడ ఒక్కనాడన్న ఆపాల్సి ఉండె” అంది జ్యోతిరాణి. ఆ మాటకు ముసలామె నొచ్చుకుందో లేదో తెలియలేదు. నింపిన గరిజను చేతిలో పట్టుకుని దాని అంచు మడతలు చూస్తూ ఉండిపోయింది.

చేతులు కడుక్కుని చీర మార్చుకుంది. సింధూజ చెయ్యి పట్టుకుని, కందిన చోట ఒకసారి బొటనవేలితో రాసి, అందరినీ చెప్పులు వేసుకోమంది. ఎక్కడికి అత్తా అని బంటి అడిగాడు. మీ మామ దగ్గరికి అంది.

చర్చి ఆవరణలో షామియానా కింద ఐదుగురు మగవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, మైకు స్టాండు కుడి పక్క పెట్టాలా ఎడమ పక్క పెట్టాలా అని మాట్లాడుకుంటున్నారు. ఏడుగురు పిల్లలతో వస్తున్న జ్యోతిరాణిని చూసి దేవన్న లేచాడు.

“ఏమైందే? ఇంట్ల ఎవ్వలకన్న బాగ లేదా?”

“అందరు మంచిగనే ఉన్నరు. వీళ్లను జూడు, నాకు ప్రాక్టీసున్నది.”

అతను కమిటీ వాళ్ల వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. గొంతు తగ్గించి, “మీటింగున్నదని చెప్పిన గద. అందరి ముంగట గిదేం పని రాణీ?” అన్నాడు.

“నేను పాడనని నువ్వు చెప్పింది గూడ నలుగురి ముంగటనే. ఇగ నుంచి నా మాట నేనే చెప్పుకుంట. నువ్వు చెప్పకు.”

ఆమె గొంతు పెంచలేదు. కుర్చీల్లో ఉన్న వాళ్లలో పెద్దవాడు ఆశన్న దగ్గి, చాయ్ గ్లాసులోకి చూసుకున్నాడు. చిన్న వదినె కొడుకు అప్పటికే దేవన్న చొక్కా పట్టుకుని, మామా నీళ్లు అంటున్నాడు. ఇంకొకరు మామా ఒకటికొస్తుంది అంటున్నారు. బంటి షామియానా గుంజ వైపు పోతున్నాడు. దేవన్న ఎటు తిరగాలో తెలియక చేతులు చాపి నిలబడ్డాడు. సింధూజ మాత్రం అక్కడ ఆగలేదు. తల్లి వెనకే నడిచింది. జ్యోతిరాణి ఒక క్షణం ఆలోచించి, రా అంది.

పక్క గదిలో ఎనిమిది మంది ఆడవాళ్లు చాప మీద కూర్చుని ఉన్నారు. గోదావరి హార్మోనియం మీద నుంచి తలెత్తి చూసి శ్రుతి పట్టింది. ఈమె కూర్చునే దాకా కూడా ఆగలేదు. జ్యోతిరాణి నిలబడే నోరు తెరిచింది. వచ్చింది పాటలా లేదు. పదేళ్లు గల్లీ చివరి దాకా పిల్లలను పిలిచీ పిలిచీ గరుకు తేలిన గొంతు, కేకలా బయటికొచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు. సిగ్గుతో ఆమె ఆగిపోయింది.

“ఎందుకు ఆపినవ్? గట్టిగనే ఉన్నది. గట్లనే పాడు” అంది గోదావరి.

మళ్లీ ఎత్తుకుంది. ఈసారి ఆ గరుకును దాచడానికి ప్రయత్నించలేదు. రెండో పాదానికి గొంతు దాని చోటు అది వెతుక్కుంది. తలుపు దగ్గర సింధూజ నోరు కొంచెం తెరిచి, ఇంతకు ముందెప్పుడూ చూడని మనిషిని చూస్తున్నట్టు తల్లిని చూస్తోంది. తల్లి పాడుతుందని ఆ పిల్లకు తెలియదు. చెప్పినవాళ్లెవరూ లేరు.

అప్పుడు బయట చిన్ను ఏడుపు మొదలైంది. పడ్డప్పటి ఏడుపు కాదు, దెబ్బ తగిలినప్పటిది కాదు. అమ్మ కావాలన్నప్పటి ఏడుపు. జ్యోతిరాణి కాలు దానంతట అదే తలుపు వైపు ఒక అడుగు వేసింది. కిటికీ దగ్గరికి దేవన్న వచ్చాడు, వాడిని భుజాన వేసుకుని. “రాణీ” అన్నాడు. వాడిని ఇంకో భుజానికి మార్చుకుని మళ్లీ “రాణీ” అన్నాడు. ఆడవాళ్లంతా ఆమె వైపు చూశారు. గోదావరి చేతులు మాత్రం హార్మోనియం మెట్ల మీద నుంచి లేవలేదు.

ఆమె ఆపకుండా మొదటి చరణం పూర్తి చేసింది. ఆమెకు ఇచ్చింది అదొక్కటే. జ్యోతిరాణి ఊపిరి తీసుకుని, ఎవరినీ అడగకుండా, రెండో చరణం కూడా ఎత్తుకుంది.