శనివారం పదింటికి మేడమ్

మేడమీది గది అద్దెకిస్తానన్నప్పుడు మావారు ఒకటే మాట అన్నారు. "నీకు మొహమాటం ఎక్కువ. మూడు నెలలు నడిపితే గొప్ప."

ఆ మాట మనసులో పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఇలాంటివి సర్దుతూనే ఉన్నాను కాబట్టి చోటుకి ఇబ్బంది లేదు.

మా వీధి చివర కాలేజీ ఉంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చే లెక్చరర్లకు వాళ్ళే గది చూస్తారు. అక్కడి గుమాస్తాగారు ముందే చెప్పేశారు. "మొదట ఒకావిడను పంపుతామండీ, నెలన్నర ఉంటారు. వెళ్ళేటప్పుడు ఆవిడ ఒక ఫారం నింపుతారు. అది బాగుంటే ఏడాది పొడుగునా మనిషి తర్వాత మనిషిని మీ ఇంటికే పంపుతాం."

అంటే నా మూడు నెలల పందెం ఆ ఫారంలో ఉందన్నమాట.

అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను. గదిలో ఉండేవాళ్ళకు బంగారు అంచు కప్పు, సాసరుతో సహా. మాకు పెచ్చులూడిన కప్పులు. కప్పు దగ్గర గీత గీస్తే మిగతావన్నీ ఎక్కడివక్కడ ఆగుతాయని నా నమ్మకం.

వచ్చినావిడ భూగోళం లెక్చరరు. రెండు రోజులు గీత చెక్కు చెదరలేదు. మూడో రోజు పొద్దున నేను స్నానానికెళ్ళిన పది నిమిషాల్లో, మావారు తన పిడి విరిగిన కప్పులో ఆవిడకు టీ పోసిచ్చి, "ఇది మీ ఇల్లే అనుకోండమ్మా" అన్నారు.

ఆవిడ అనుకుంది.

సాయంత్రానికి ఆయన అన్నయ్యగారు, నేను వదిన. నాకు ఆడపడుచులు లేరు. ఆ సుఖం చూడలేకపోయినట్టున్నాడు దేవుడు. వారం తిరిగేసరికి నా పోపులపెట్టెలో ఆవాలున్న చోట మెంతులు, మెంతులున్న చోట జీలకర్ర వచ్చి కూర్చున్నాయి.

"చేతికందేలా సర్దాను వదినా!"

"అయ్యో, నీకెందుకమ్మా శ్రమ" అన్నాను. ఏ వదినైనా ఆ మాట అందంటే ఇంకోసారి ముట్టుకోవద్దని. ఈవిడ మర్నాడు పప్పుల డబ్బాలు కూడా సర్దింది.

నేను నడుం వాల్చే వేళకే బట్టల మిషన్ తిప్పేది. హాల్లో కూర్చుని వాళ్ళమ్మతో గంటలు గంటలు ఫోను. పోనీ గట్టిగా చెబుదామంటే ఫారం ఆవిడ చేతిలో ఉంది. పైగా మనిషి నాకు నచ్చింది, అదొక చిక్కు. నా జోకులకు నవ్వేది. మా ఇంట్లో ఆ సదుపాయం పోయి చాలా కాలమైంది.

మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది. పూర్తిగా రాయను, మీకు తెలుసు.

ఒక గుణం మాత్రం మెచ్చుకునేదాన్ని. మంచంమీద దుప్పటికి ఏనాడూ ఒక్క ముడత ఉండేది కాదు. "ఎంత పద్ధతైన మనిషో చూడండి" అని మావారికి రోజూ వినిపించేదాన్ని.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం ఆరిన బట్టలు ఇద్దామని పైకి వెళ్ళాను. తలుపు ఓరగా తీసి ఉంది. లెక్చరరమ్మ నేలమీద చాప పరుచుకుని, సంచి తలకింద పెట్టుకుని పడుకుంది. మంచంమీద దుప్పటి నీటుగా ఉంది. ఎందుకుండదు!

"ఇదేంటమ్మా, కింద పడుకున్నావ్?"

గబుక్కున లేచింది. "చల్లగా ఉంటుందని వదినా."

"ఈ చలిలోనా?"

ఆవిడ చూపు మంచంవైపు పోయింది. నేను వెళ్ళి ఆ పరుపుమీద పడుకున్నాను. దొర్లుకుంటూ నడిమధ్య గుంటలోకి చేరాను. ఆవిడ చెయ్యిస్తే గానీ పైకి రాలేకపోయాను.

"చెప్పొద్దూ మరి!"

"చెబుదామనే మూడో రోజు కిందికొచ్చాను వదినా. అన్నయ్యగారు టీ ఇచ్చి, మీ ఇల్లే అనుకోండి అన్నారు. సొంతింట్లో పరుపు బాగోలేదని ఎవరికి చెప్పుకోను?"

నా గుండె ఫారం దగ్గరికి పరుగెత్తింది. "అందులో ఏం రాస్తావు?"

"నిజమే రాయాలి కదా. నా తర్వాత వచ్చేది నా తోటివాళ్ళే." తల వంచుకుంది. "నీ మాటలకు పదికి పది వేస్తాను."

"మాటలమీద పడుకోరు కదమ్మా."

ఎలాగూ మునిగాక చలేమిటని నేనూ నోరు విప్పాను. పోపులపెట్టె, మిషన్, ఫోను అన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ కళ్ళింతలు చేసుకుంది. "పదిహేను రోజులుగా పళ్ళు బిగబట్టుకుని ఉన్నావా?"

"నువ్వు నడుం బిగబట్టుకుని లేవూ?"

ఇద్దరం ఒకేసారి నవ్వాం. మర్నాటికి పరుపు మారింది, పోపులపెట్టె యథాస్థానానికి వచ్చింది. దాంతోపాటు ఒక రివాజు మొదలైంది. ప్రతి శనివారం పదింటికి, భోజనాల బల్లకు చెరో వైపు, బంగారు అంచు కప్పులతో అరగంట ఆఫీసు. నేను కళ్ళజోడు పెట్టుకునేదాన్ని.

"మేడమ్, వేడినీళ్ళు ఏడింటికల్లా అయిపోతున్నాయి."

"చూస్తాం మేడమ్. తమరు పాటలు పాడుతూ స్నానం చేస్తున్నట్టు మా దృష్టికి వచ్చింది. ఒక పాట తగ్గించగలరా?"

పదిన్నరకు కళ్ళజోడు తీసేదాన్ని. పెచ్చులూడిన కప్పులు బయటికొచ్చేవి. "ఇప్పుడు చెప్పు వదినా, ఆ పక్కింటావిడ సంగతి ఏమైంది?"

వెళ్ళేముందు ఫారం నా ఎదుటే నింపింది. 'మొదటి పద్దెనిమిది రోజులు పరుపుకన్నా నేల నయం. చెప్పిన మర్నాడే మార్చారు. ఈ ఇంట్లో ఫిర్యాదులు శనివారం పదింటికి వింటారు, పదిన్నరకు మర్చిపోతారు.'

నాకు ఆశ లేదు. నాలుగు రోజులకు గుమాస్తాగారు ఫోన్ చేశారు. "ఏడాది చివరిదాకా ముగ్గుర్ని మీకే రాసేశామండీ. అవునూ, ఆ శనివారం సంగతి నిజమేనా? మా ఆఫీసులో వారమంతా ఉన్నా వినే నాథుడు లేడు."

పందెం నేను గెలిచినట్టే. మావారు ఒప్పుకోలేదు గానీ, ఆ శనివారం సరిగ్గా పదింటికి నడుంమీద చెయ్యేసుకుని వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నారు. లెక్చరరమ్మ కోసం ఆనాడు మేడమీదికెళ్ళిన మంచి పరుపు ఆయన మంచంమీదిది. గుంట పరుపు దాని స్థానంలోకి దిగింది.

"మేడమ్, పరుపు గురించి ఒక ఫిర్యాదు."

నేను కళ్ళజోడు పెట్టుకోలేదు. ఆయన పిడి విరిగిన కప్పులోనే టీ పోసి, బల్లమీద ఆయన ముందుకు జరిపాను.

"ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాను.